టన్నుకు 30 హార్స్‌పవర్ చాలు

ట్రైలర్ లాగడానికి డీజిల్ పికప్ కొనాలనుకునేవాళ్లు మొదట హార్స్‌పవర్ ఎంతని అడుగుతారు, ఆ తర్వాత టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ఎంతని. ఈ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. బండి, ట్రైలర్, మనుషులు, సామాను, ట్యాంకులో డీజిల్ అన్నీ కలిపి కాటా మీద ఎంత తూగుతాయి? ఈ అంకె చేతిలో లేకుండా ఇంజన్ గురించి ఎంతసేపు వాదించుకున్నా తేలేదేమీ ఉండదు.

నా మాట ముందే చెప్పేస్తాను. మొత్తం బరువులో టన్నుకు 30 హార్స్‌పవర్ ఉంటే ఆ ఇంజన్ చాలు. 6 శాతం వాలును, అంటే 100 మీటర్లు ముందుకు పోయేసరికి 6 మీటర్లు పైకి లేచే రోడ్డును, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంది. అంతకన్నా పెద్ద ఇంజన్ కొంటే అదనంగా దక్కేది ఎక్కేటప్పటి వేగమే. బండి మోయగలిగే బరువు పెరగదు, దిగేటప్పుడు ఆపగలిగే శక్తి దానంతటదే పెరగదు. ట్రైలర్ లాగేటప్పుడు జరిగే ప్రమాదాల గురించి ఆలోచిస్తే, బండి నెమ్మదిగా ఎక్కడం వల్ల ఎవరికీ ఏమీ కాదు. కిందికి దిగేటప్పుడు ఆగకపోతేనే కొంపలు మునిగేది. డబ్బు మాత్రం అందరం మొదటిదాని మీదే పెడుతున్నాం.

లెక్క చూద్దాం. మొత్తం 9 టన్నులు అనుకోండి: పికప్ మూడున్నర, ట్రైలర్ ఐదున్నర. ట్రైలర్ ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది. బండి మూడింటితో పోరాడుతుంది. ఒకటి వాలు, రెండోది టైర్ల దొర్లుడు నిరోధం, మూడోది గాలి. 6 శాతం వాలు మీద బరువు వెనక్కి లాగే బలం సుమారు 5,300 న్యూటన్లు. టైర్ల నిరోధం బరువులో ఒక శాతం అనుకుంటే 880 న్యూటన్లు. గాలి సంగతికొస్తే, ట్రైలర్ ముందు వైశాల్యం 7 చదరపు మీటర్లు, గాలి నిరోధక గుణకం 0.7 అనుకుందాం. 80 వేగంలో దాదాపు 1,480 న్యూటన్లు వస్తుంది. మూడూ కలిపి వేగంతో గుణిస్తే చక్రాల దగ్గర 170 కిలోవాట్లు కావాలి. గేర్‌బాక్సు, యాక్సిల్ మధ్యలో 13 శాతం తినేస్తాయి అనుకుంటే ఇంజన్ ఇవ్వాల్సింది 195 కిలోవాట్లు, అంటే 262 హార్స్‌పవర్. టన్నుకు 29. ఏసీకి, ఆల్టర్నేటర్‌కి ఇంకొకటి కలిపితే 30.

ఇదే బండి అదే వాలును 60 వేగంతో ఎక్కితే చాలనుకుంటే 180 హార్స్‌పవర్ సరిపోతుంది. 105 కావాలంటే 392 కావాలి. సమతలం మీదైతే 105కి కూడా 154 చాలు, 80కి 81 చాలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. బరువు ఎంతో, వేగమూ అంతే ఖరీదు. కొండ మీద 60 నుంచి 105కి పోవడానికి ఇంజన్ రెండింతలకన్నా పెద్దది కావాలి. 10 కిలోమీటర్ల కొండ 60 వేగంలో 10 నిమిషాలు పడుతుంది, 105లో ఆరు నిమిషాల లోపు. మిగిలేది నాలుగు నిమిషాల చిల్లర.

500 హార్స్‌పవర్ ఉన్న బండికి ఇదే 9 టన్నులు కడితే, లెక్క ప్రకారం ఆ వాలు మీద 120 దాటుతుంది. కానీ ట్రైలర్లకు వేసే ఎస్టీ రకం టైర్లలో చాలావాటికి సంప్రదాయంగా ఉన్న హద్దు గంటకు 65 మైళ్లు, అంటే 105 కిలోమీటర్లు. ఎక్కువ వేగానికి రేటింగ్ ఉన్నవి ఇప్పుడు దొరుకుతున్నాయి, అయినా ఎత్తైన ట్రైలర్ ఊగడం మొదలుపెట్టేది ఆ వేగాల్లోనే. వాడుకోకూడని వేగం కోసం ఇంజన్ కొనడం నాకు అర్థం కాదు.

పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కొలబద్ద కూడా ఇంత ఉదారంగా లేదు. ట్రైలర్ లాగే సామర్థ్యం ప్రకటించడానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. అమెరికాలోని ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్లకు పైగా సాగే ఎత్తును, ఎండ 38 డిగ్రీలు ఉండగా, ఏసీ నిండుగా వేసి ఎక్కాలి. వేగం ఎక్కడా 64 కిలోమీటర్లకు తగ్గకూడదు. వెనక జంట చక్రాలున్న బండికైతే 56. ఏ భాగమూ చెడకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు. దానితోపాటు 12 శాతం వాలు మీద ఆగి ఉన్న బండిని ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ముందుకు, ఐదుసార్లు వెనక్కి కదిలించాలి. అంటే 64 వేగం చాలునని తయారీదారులే ఒప్పుకున్నట్టు. నేను చెప్పే 80 అంతకన్నా ఎక్కువే.

1989లో డాడ్జ్ ర్యామ్‌లోకి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్ శక్తి 160 హార్స్‌పవర్, టార్క్ 542 న్యూటన్ మీటర్లు. ఈ రోజు చదివితే చిన్న కారు అంకెల్లా కనిపిస్తాయి. పై 9 టన్నులు దానికి కడితే (దానికి అంత అనుమతి లేదు, లెక్క కోసమే అంటున్నాను) ఆ వాలును 54 వేగంతో ఎక్కేది. 2001లో జీఎం పికప్‌లలో వచ్చిన 6.6 లీటర్ల డ్యూరామాక్స్ ఇంజన్ 300 హార్స్‌పవర్ ఇచ్చింది. టన్నుకు 30 చొప్పున అది 10 టన్నుల ఇంజన్. కాబట్టి పికప్ లాగే మామూలు బరువులకు శక్తి సమస్య 2001 నాటికే తీరిపోయిందని నేనంటాను. 2023లో ఫోర్డ్ 6.7 లీటర్ల ఇంజన్‌లో హై అవుట్‌పుట్ రకం 500 హార్స్‌పవర్, 1,627 న్యూటన్ మీటర్లకు చేరింది. 2024 డ్యూరామాక్స్‌ది 470. ఇదంతా గొప్ప ఇంజనీరింగే, కాదనను. అవసరం మాత్రం వేరే సంగతి.

చిన్న డీజిల్ పికప్‌ల మీద చులకన ఉన్నవాళ్లు ఒక లెక్క చూడాలి. మూడు లీటర్ల ఇసుజు డీ-మాక్స్ 140 కిలోవాట్లు ఇస్తుంది, అంటే 188 హార్స్‌పవర్. ట్రైలర్‌తో కలిపి దానికి అనుమతించిన మొత్తం బరువు 6 టన్నుల దగ్గర. టన్నుకు 31. అదే పెట్టె ట్రైలర్ ముందు వైశాల్యంతో లెక్క వేస్తే, 6 శాతం వాలు మీద 80 వేగానికి అటూఇటూగా సరిగ్గా అంతే వస్తుంది. అక్కడ ఇబ్బంది ఇంజన్ కాదు. ట్రైలర్ 3,500 కిలోలు లాగవచ్చని ప్రకటనలో ఉంటుంది, బండి నిండు బరువు 3,100 అని ఉంటుంది, రెండూ కలిపితే 6,600 అవుతుంది. అనుమతి 6 టన్నులే. ట్రైలర్ నిండా వేస్తే బండిలో ఖాళీ ఉంచాలి, బండి నింపితే ట్రైలర్ తగ్గించాలి. రెండు పెద్ద అంకెలూ ఒకేసారి దక్కవు.

ఇక టార్క్. "లాగేది టార్కే, హార్స్‌పవర్ కాదు" అనే మాట పదేపదే వినిపిస్తుంది. సగం నిజం ఉంది కాబట్టి అంత సులువుగా పోదు. చక్రం దగ్గరికి చేరే టార్క్‌ని గేరు ఎంతైనా పెంచగలదు. గేరు పెంచలేనిది శక్తిని. 1,600 ఆర్‌పీఎం దగ్గర 1,000 న్యూటన్ మీటర్లిచ్చే ఇంజన్, 3,200 దగ్గర 500 ఇచ్చే ఇంజన్ రెండూ ఆ క్షణంలో ఇచ్చేది 167 కిలోవాట్లే. తగిన గేరుంటే కొండ మీద రెండూ ఒకే వేగంతో పోతాయి. ఒకటి అరుస్తుంది, ఇంకోటి గొణుగుతుంది, అంతే తేడా. టార్క్ అంకెలో నిజంగా దాగి ఉన్నది తక్కువ ఆర్‌పీఎంలో దొరికే హార్స్‌పవర్. పైన చెప్పిన 1,627 న్యూటన్ మీటర్లు 1,600 ఆర్‌పీఎం దగ్గర వస్తాయి. గుణిస్తే అక్కడే 365 హార్స్‌పవర్ ఉంది. గేరు దించకుండానే 9 టన్నులను వాలు ఎక్కిస్తుంది. హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అది సౌకర్యం, సామర్థ్యం అనుకోవద్దు.

టార్క్ నిజంగా అవసరమయ్యేది ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు. 12 శాతం వాలు మీద 9 టన్నులు కదలాలంటే చక్రాల దగ్గర సుమారు 11,400 న్యూటన్ల బలం కావాలి. టైరు వ్యాసార్ధం 0.4 మీటర్లు, మొదటి గేరు 3.1, యాక్సిల్ 3.73 అనుకుంటే ఇంజన్ నుంచి రావాల్సింది 455 న్యూటన్ మీటర్లు. ఆటోమేటిక్‌లో ఇంజన్‌ని గేర్‌బాక్సుతో ఆయిల్ ద్వారా కలిపే టార్క్ కన్వర్టర్ గుణించి ఇచ్చేది నేను ఇందులో కలపలేదు. 1989 నాటి ఇంజనే ఈ పని చేయగలదు. మాన్యువల్ గేర్లలో మాత్రం జాగ్రత్త పడాలి. ఐడిల్ కొంచెం పైన డీజిల్‌కు, అదనంగా గాలి తోసే టర్బో ఇంకా అందుకోదు, ఆ అర సెకనులో క్లచ్ కాలుతుంది. పాత బరువు బండ్లలో మొదటి గేరు 5.61 లాంటి లోతైన నిష్పత్తితో పెట్టింది అందుకే. మీ గేర్‌బాక్సులో అది లేకపోతే, ఫోర్‌వీల్ డ్రైవ్ బండైతే శక్తిని నాలుగు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజ్ (ఇంకా లోతైన గేరు) వాడి కదిలించండి. నేల పొడిగా, గట్టిగా ఉంటే తిన్నగా కొన్ని మీటర్లు మాత్రమే.

గేర్ల సంఖ్య ఇంజన్ అంకె కన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. 1990ల నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో మూడోది 1.0, నాలుగోది 0.7 దగ్గర. ఓవర్‌డ్రైవ్ అనే ఆ నాలుగోదానిలో 2,000 ఆర్‌పీఎం తిరిగే ఇంజన్ ఒక్క గేరు దిగితే 2,850కి ఎగిరిపడుతుంది. మధ్యలో సరైన చోటు లేదు. కొండ మీద డ్రైవర్ ఆ రెంటి మధ్య కొట్టుకుంటూ ఉంటాడు, గేరు మారిన ప్రతిసారీ వేగం కొంత పోతుంది. పది గేర్ల పెట్టెలో అడుగు అడుగుకీ తేడా చిన్నది కాబట్టి ఇంజన్ తన గరిష్ఠ శక్తి చుట్టుపక్కలే ఉంటుంది. 300 హార్స్‌పవర్‌కు పది గేర్లుంటే కొండ మీద 350కి నాలుగు గేర్లున్న బండికి తీసిపోదు.

ఎత్తు ప్రాంతాల గురించి క్లుప్తంగా. టర్బో లేని ఇంజన్ వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుంది. టర్బో ఉన్నది తన తిరిగే వేగం హద్దు దాకా ఆ లోటు పూడ్చుకుంటుంది, బదులుగా ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. అమెరికాలోని కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే. అలాంటి కనుమలు మీ దారిలో మామూలైతే టన్నుకు 35 పెట్టుకోండి.

వేడి గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే కొండ మీద బండ్లు ఆగిపోయేది శక్తి చాలక కాదు, వేడి తట్టుకోలేక. ఇంజన్ 200 కిలోవాట్లు ఇస్తోందంటే డీజిల్ రూపంలో దాదాపు 500 కిలోవాట్లు తాగుతోంది. గంటకు 50 లీటర్ల లెక్క. మిగిలిన 300 ఎగ్జాస్ట్‌లోకి, రేడియేటర్‌లోకి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి, ఆయిల్‌లోకి పోవాలి. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, కాబట్టి ఎదురుగాలి సాయం కూడా తక్కువ. అప్పుడు ఇంజన్ ముందున్న పెద్ద ఫ్యాన్ క్లచ్ పట్టుకుంటుంది. హోరుమని గాలి శబ్దం వస్తుంది, అది మంచి సంకేతమే. ఆ ఫ్యాన్ ఒక్కటే 20 హార్స్‌పవర్ దాకా తింటుంది, అందుకే వేగం ఐదారు కిలోమీటర్లు పడుతుంది. ఎండలో నిండు బరువుతో కొండ ఎక్కుతుంటే ఆ హోరు ఎప్పుడూ వినిపించకపోవడం, వేడి చూపే ముల్లు మాత్రం పైకి పోవడం ఫ్యాన్ క్లచ్ చెడిందనడానికి గుర్తు.

ఇంకో దొంగ రేడియేటర్ ముందు పేర్చిన పొరల మధ్య ఉంటుంది. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా కనిపిస్తుంది. దాని వెనక, రేడియేటర్ ముందు ముఖం మీద గడ్డి పీచు, దుమ్ము, పురుగులు కలిసి కంబళిలా అల్లుకుపోయి ఉంటాయి. ఖాళీ బండికి ఏమీ తెలియదు. 9 టన్నులతో ఎక్కినప్పుడు తెలుస్తుంది. పైన ఉన్న ప్లాస్టిక్ కవచం తీసి, టార్చి వేసి పొరల మధ్యకు చూడండి. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు గొట్టం నీళ్ల ఒత్తిడితో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఎగ్జాస్ట్ వేడి కొలిచే గేజ్ లేని పాత బండికి అది పెట్టించుకోవడం ఏ ట్యూనింగ్ కన్నా విలువైన పని. సెన్సర్ టర్బోకి ముందు, మానిఫోల్డ్‌లో ఉండాలి. టర్బో తర్వాత పెడితే బరువు మీద 100, 150 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అల్యూమినియం పిస్టన్లున్న ఇంజన్లకు ఎక్కువసేపు 700 సెల్సియస్ దాటనివ్వకూడదనేది పాత మెకానిక్కుల హద్దు. ముల్లు అక్కడికి చేరితే పెడల్ ఇంకా తొక్కకండి, గేరు దించండి. 1,500 ఆర్‌పీఎంలో నిండు బరువు లాగుతున్న ఇంజన్‌కి గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ. అదే శక్తిని 2,400లో తీస్తే ప్రతి విడతలో మండే ఇంధనం తగ్గి, టర్బో ఎక్కువ గాలి తోసి, ముల్లు కిందికి వస్తుంది. నీళ్ల పంపు, ఫ్యాన్ కూడా వేగం పుంజుకుంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో లాగితే ఇంజన్‌కు మంచిదనే నమ్మకం ట్రైలర్ విషయంలో తలకిందులు.

గేర్‌బాక్స్ ఆయిల్‌ది కూడా ఇదే కథ. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే దిగులు లేదు. 120 దాటితే ఆయిల్ ఆయుష్షు వేగంగా కరిగిపోతుంది. వేడికి ముఖ్య కారణం టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా జారుతూ ఉండటం. ట్రైలర్ లాగడానికని ఉండే టో-హాల్ మీట నొక్కితే లాక్ త్వరగా పడుతుంది, గేర్లు ఊరికే మారవు.

ఇప్పుడు ట్యూనింగ్ సంగతి. కంప్యూటర్‌లో నాలుగు అంకెలు మారిస్తే 100 హార్స్‌పవర్ పెరుగుతుందనేది అబద్ధం కాదు. ఖాళీ బండి మీద ఆ 100 కొన్ని సెకన్లు వాడతారు. ట్రైలర్‌తో కొండ మీద పది నిమిషాలు ఆపకుండా వాడతారు. ఇంధనం పెరిగింది, రేడియేటర్ అదే, పిస్టన్లు అవే, హెడ్ బోల్టులు అవే, కన్వర్టర్ క్లచ్ అదే. ముందు కన్వర్టర్ క్లచ్ జారుతుంది, ఆయిల్ కాలిన వాసనతో నల్లబడుతుంది. లేదా సిలిండర్ ఒత్తిడికి హెడ్ గాస్కెట్ వదిలేసి, కూలెంట్ ట్యాంకులో బుడగలు కనిపిస్తాయి. ఎక్కడ ముందు తెగుతుందనేది బండిని బట్టి మారుతుంది, తెగడం మాత్రం ఖాయం. డీపీఎఫ్, అంటే ఎగ్జాస్ట్‌లో మసి పట్టే వడపోత, పీకేసి చేసే ట్యూన్లు అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం కూడా. ట్రైలర్ లాగే బండికి ట్యూన్ వద్దని నేను గట్టిగా చెబుతాను. శక్తి తగ్గినట్టు అనిపిస్తే ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి, ఎయిర్ ఫిల్టర్ చూడండి, ఇంటర్‌కూలర్ గొట్టాల బిగింపుల దగ్గర నూనె మరకలున్నాయా చూడండి. మరక ఉన్న చోట గాలి బయటికి పోతోంది. ఆ గొట్టాల దారి మూసి తక్కువ ఒత్తిడితో గాలి పంపి సబ్బునీళ్లు చల్లితే బుడగ లేస్తుంది. పోయిన 50 హార్స్‌పవర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

హార్స్‌పవర్ కన్నా ముందే అయిపోయేది బండి మోసే బరువు, పేలోడ్. పికప్ తొట్టిలోని హిచ్‌కు తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తన బరువులో 15 నుంచి 25 శాతం ఆ తొట్టి మీద పెడుతుంది. మన ఐదున్నర టన్నుల ట్రైలర్‌లో 20 శాతం అంటే 1,100 కిలోలు. హిచ్ 80, మనుషులూ సామానూ 200. మొత్తం 1,380. అమెరికాలో ముప్పావు టన్ను రకం అని పిలిచే పికప్‌లలో చాలావాటికి నిండు బరువు 10,000 పౌండ్ల దగ్గర ఆపేస్తారు, అంటే 4,536 కిలోలు. ఆ పైన పోతే బండి మరో తరగతిలోకి వెళుతుంది కాబట్టి. డీజిల్ ఇంజన్ పెట్రోల్ దాని కన్నా బాగా బరువు, ఆ బరువు పోయేది పేలోడ్ నుంచే. నాలుగు తలుపులు, ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న డీజిల్ బండికి చివరికి మిగిలేది 900 నుంచి 1,100 కిలోలు. 450 హార్స్‌పవర్ ఉన్నా 1,380 కిలోలు మోయలేదు. వెనక యాక్సిల్, టైర్లు హద్దు దాటుతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. ఇలాంటి ట్రైలర్‌కి కావాల్సింది దాని పై తరగతి, ఒక టన్ను రకం అనే చాసిస్. అదే డబ్బుకు తక్కువ హార్స్‌పవర్ ఉన్న బరువు చాసిస్, ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న తేలిక చాసిస్ రెండూ ఎదురుగా ఉంటే, మొదటిది తీసుకోండి. రెండోసారి ఆలోచించనక్కర్లేదు.

దిగడం దగ్గరికి వద్దాం. 9 టన్నులు 10 కిలోమీటర్ల పాటు 6 శాతం వాలు దిగితే 600 మీటర్ల ఎత్తు పోతుంది, 53 మెగాజౌళ్లు ఎక్కడో ఖర్చు కావాలి. 80 వేగంలో గాలీ టైర్లూ దాదాపు 24 మింగేస్తాయి. మిగిలిన 29 బ్రేకులే మోయాలనుకోండి. డిస్కులు, డ్రమ్ములు అన్నీ కలిపి 100 కిలోల ఇనుము అనుకుంటే, గాలికి చల్లారే వీలు లేకపోతే 600 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. నిజంలో కొంత చల్లారుతుంది, కానీ లైనింగ్ పట్టు తప్పడానికి అందులో సగం వేడి చాలు.

డీజిల్‌కు పెట్రోల్ ఇంజన్‌లాగా గాలి మూసే థ్రాటిల్ పని లేదు కాబట్టి పెడల్ వదిలితే దానంతట అది పెద్దగా పట్టుకోదు. ఆ పని ఎగ్జాస్ట్ బ్రేక్ చేస్తుంది. టర్బో రెక్కలు మూసి పొగ దారికి అడ్డం పెడుతుంది. మన బండిని స్థిరంగా ఉంచడానికి 60 నుంచి 100 వేగం దాకా ఎక్కడైనా 58 నుంచి 65 కిలోవాట్ల మధ్యే కావాలి, వేగం పెరిగితే గాలి సాయం కూడా పెరుగుతుంది కాబట్టి. ఎగ్జాస్ట్ బ్రేక్ బలం మాత్రం ఆర్‌పీఎం మీద ఆధారపడుతుంది. 1,500లో పేరుకే ఉంటుంది, 2,500 దాటాక పట్టు తెలుస్తుంది. అందుకే కొండ అంచు దగ్గరే, వాలు మొదలవకముందే గేరు దించి వేగం తగ్గించుకోవాలి. మధ్యలో దించుదామంటే ఆర్‌పీఎం హద్దు దాటుతుందని గేర్‌బాక్సే ఒప్పుకోదు, అప్పుడు కాలి బ్రేకే దిక్కు.

ట్రైలర్ ఆకారం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఎత్తైన పెట్టె ఎక్కేటప్పుడు కష్టపెట్టి, దిగేటప్పుడు గాలితో కొంత ఆపుతుంది. తక్కువ ఎత్తు పలక మీద యంత్రాన్ని కట్టిన ట్రైలర్ సులువుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు అదే 80 వేగంలో 78 కిలోవాట్ల దాకా అడుగుతుంది. ఎక్కిన తీరు చూసి దిగడాన్ని అంచనా వేయొద్దు.

ట్రైలర్ బ్రేకుల సంగతి ఇంజన్ గురించి మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఎత్తరు. ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకుల్లో 12 అంగుళాల రకానికి ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌లో నాలుగున్నాయి. ట్రైలర్ బ్రేకులకు కరెంటు తీసుకెళ్లే నీలం తీగలో ఆంమీటర్ పెట్టి, డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ నిండుగా నొక్కితే 12 దగ్గర చూపించాలి. 9 చూపిస్తే ఒక చక్రం పని చేయడం లేదు, ఎక్కువసార్లు యాక్సిల్ గొట్టంలో తీగ ఒరుసుకుపోయి ఉంటుంది. గెయిన్, అంటే కంట్రోలర్ ఆ బ్రేకులకు ఇచ్చే బలం, సరిచూసుకోవడానికి ఖాళీ సమతల రోడ్డు మీద 40 వేగంలో చేతి మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా పెంచి, లాక్ కాకుండా ఒక మెట్టు తగ్గించండి. ముందు బ్రేకులు కాస్త వేడెక్కనివ్వాలి. బరువు మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

500 హార్స్‌పవర్ ఎవరికీ అక్కర్లేదని నేననడం లేదు. తొట్టి మీదే తగిలించే గూస్‌నెక్ ట్రైలర్ మీద యంత్రాలు మోస్తూ 17, 18 టన్నుల మొత్తం బరువుతో రోజూ తిరిగేవాళ్లకు టన్నుకు 30 అంటే 500 దాటుతుంది. వాళ్లకది సరైన ఇంజనే. ఆ తరగతిలో గరిష్ఠ రేటింగ్ దగ్గర లాగితే 500 కూడా టన్నుకు 25 దాటదు. 40 టన్నుల లారీలు 500 హార్స్‌పవర్‌తో, అంటే టన్నుకు పన్నెండున్నరతో, అదే వాలును 45 వేగంతో ఎక్కుతున్నాయి. అమెరికాలో వ్యాపారానికి లాగుతూ వాణిజ్య లైసెన్స్ అక్కర్లేకుండా ఉండాలనుకునేవాళ్లు, ట్రైలర్ 10,000 పౌండ్లు దాటినప్పుడు, మొత్తం రేటింగ్ 26,000 పౌండ్ల లోపు ఉంచుకుంటారు. అది 11.8 టన్నులు. 350 హార్స్‌పవర్ సరిపోతుంది.

అవసరానికి మించిన ఇంజన్ ఊరికే కూర్చున్నా నష్టమే. నెలలో ఇరవై ఎనిమిది రోజులు ఖాళీగా, దగ్గర దూరాలు తిరిగే పెద్ద డీజిల్‌లో ఎగ్జాస్ట్ చల్లగా ఉంటుంది. డీపీఎఫ్ మసితో నిండుతుంది, దాన్ని కాల్చే ప్రక్రియ మధ్యలోనే ఇంజన్ ఆపేస్తారు, మళ్లీ నిండుతుంది. టర్బో రెక్కలు మసికి అంటుకుపోతాయి, తర్వాత కొండ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ సగమే పట్టుతుంది. ఖాళీగా తిరిగినా ఎగ్జాస్ట్ బ్రేక్ వేసుకుని నడపడం మంచిది, రెక్కలు కదులుతూ ఉంటాయి. వారానికోసారి హైవే మీద అరగంట నిలకడగా నడపండి. బరువు లాగే బండికి ఈ బాధలు తక్కువ, వేడి ఎగ్జాస్ట్ తనంతట తానే మసిని కాల్చేస్తుంది.

పాత బండి కొనేవాళ్లు హార్స్‌పవర్ వరస కన్నా ఎగ్జాస్ట్ బ్రేక్ వచ్చిన ఏడాది చూడమంటాను. ర్యామ్‌లో 6.7 లీటర్ల కమిన్స్‌తోపాటు 2007లో కంపెనీ నుంచే వచ్చింది. ఫోర్డ్, జీఎం పికప్‌లలో 2011 నుంచి ఉంది. ఆ తరం ఇంజన్లన్నీ 350, 400 దగ్గరివే. 11 నుంచి 13 టన్నుల దాకా శక్తి గురించి బెంగ అక్కర్లేదు. ఆ తరంలో చూడాల్సింది డీజిల్ శుభ్రత. అధిక ఒత్తిడి పంపుకి డీజిలే కందెన, నీళ్లు చేరితే పంపు అరిగి లోహపు రవ్వ ఇంజెక్టర్ల దాకా పాకుతుంది, ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాల్సి వస్తుంది. కొనేముందు ఫిల్టర్ గిన్నె విప్పించి అడుగున మెరిసే పొడి ఉందేమో చూడండి. ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

చివరిగా కాటా. ట్రైలర్ తగిలించి, రోడ్డుకి ఎలా బయల్దేరతారో అలాగే నింపి, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు వేర్వేరు పలకల మీద ఉండేలా తూయించండి. మూడూ కూడితే మొత్తం బరువు. దాన్ని టన్నుల్లోకి మార్చి 30తో గుణించండి, అదే మీకు కావాల్సిన హార్స్‌పవర్. తర్వాత ట్రైలర్ విడిచి, మనుషులు, సామాను అలాగే ఉంచి పికప్ ఒక్కదాన్నే తూయించండి. మొదటిసారి పికప్ రెండు యాక్సిళ్ల మొత్తం నుంచి ఇది తీసేస్తే ట్రైలర్ పికప్ మీద మోపిన బరువు తెలుస్తుంది. వెనక యాక్సిల్ అంకెను డ్రైవర్ తలుపు చట్రం మీది స్టికర్‌లో ఉన్న యాక్సిల్ హద్దుతో, ఆ తర్వాత టైరు పక్కన అచ్చువేసిన లోడ్ అంకెకు రెట్టింపుతో పోల్చండి. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా, ఇంజన్ ఎంత పెద్దదైనా, సామాను దించాల్సిందే.